కోటు కోసమైనా వస్తాడనుకున్నాం

గట్టిపడ్డ తోలు తెగిన చప్పుడు చిన్నదే. అయినా వంటగదిలో ఉన్నవాళ్లందరికీ వినపడింది.

ఆ మనిషి కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి గోరువెచ్చని ఉప్పునీళ్ల బేసిన్‌లో ఉంది. ఒళ్లో సగం తిన్న పళ్లెం. స్నానం చేయించాక తొడిగిన తెల్ల చొక్కా పాస్టర్‌ది, భుజాల దగ్గర బిగుసుకుపోయింది. పెద్దమ్మ ముక్కాలి పీట మీద అతని ఎదురుగా కూర్చుని, పుండు చుట్టూ దూదితో తుడిచి, గోడ మేకుకు వేలాడే కత్తెర అందుకుని, మణికట్టును చుట్టుకున్న మేకతోలు పట్టీని ఒక్క కోతతో తీసేసింది.

"అయిపోనాది నానా. ఇంక సలపదు," అంది.

అతను కళ్లు తెరిచాడు. ముందు బేసిన్ వైపు చూశాడు, తర్వాత మణికట్టు వైపు, తర్వాత పెద్దమ్మ చేతిలో ఉన్న పట్టీ వైపు. గాజుగుడ్డ పట్టుకుని నిలబడ్డ నా భార్య ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. అతను అరవలేదు. పళ్లెం జాగ్రత్తగా కింద పెట్టి లేచాడు.

"గోగో," అన్నాడు. జూలూ వాళ్లు అమ్మమ్మను, నాయనమ్మను అలాగే పిలుస్తారు. ఆ తర్వాత ఇంగ్లీషులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నాడు: "అది నా తమ్ముడు. ఇప్పుడు వాడు ఎక్కడుంటాడు?"

అతను పెరట్లోకి వెళ్లాడు. దండెం మీద అతని కోటు నీళ్లు కారుతోంది. ఆ పొద్దునే పెద్దమ్మ ఉతికి ఆరేసింది. దాన్ని భుజంతో తోసుకుంటూ కింద నుంచి దాటాడు, తీసుకోలేదు. గేటు దగ్గరున్న పెద్దాయన, బస్టాపు దాకా వెళ్లి వస్తాడేమో అనుకుని తాళం తీశాడు.

"కోటు కోసమైనా వస్తాడులే," అంది పెద్దమ్మ. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో పట్టీ అలాగే ఉన్నాయి.

మేం డర్బన్ వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇది. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. నా భార్యకు ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు ఉద్యోగం రావడంతో ఆమె వెంట వచ్చి, ఒక వారపత్రికకు ప్రూఫులు దిద్దుకుంటూ ఉండేవాణ్ణి. అన్ని రంగుల వాళ్లూ ఒకే వరుసలో నిలబడి ఓటు వేసిన ఎన్నికలు అయిపోయి ఏడాది దాటింది. మొదటి పేజీల్లో కొత్త దేశం గురించి రాసేవారు. మా ప్రావిన్సు కొండల్లో రెండు పార్టీల వాళ్లు ఒకరి ఇళ్లు ఒకరు తగలబెట్టుకుంటున్న వార్తలు మాత్రం లోపలి పేజీల్లోకి జరిగి, అక్కడ కూడా రోజురోజుకూ కుంచించుకుపోయేవి. పత్రిక పనివాడిగా నాకు అది కొత్త కాదు. ఒకే రకం వార్త రోజూ వస్తే దాని శీర్షిక ముందు చిన్నదవుతుంది, తర్వాత ఊరి పేరు ఒక్కటే మిగులుతుంది, తర్వాత అదీ పోతుంది.

చర్చి ఖర్వాస్తాన్ అనే పేట దిగువన వాలు మీద ఉండేది. ఒక ఇంటి గరాజుకు రేకుల షెడ్డు అతికించి కట్టారు. పైకప్పు మీద కోతులు పరుగెత్తితే ప్రసంగం ఆపాల్సి వచ్చేది. మేం గుంటూరు వైపు లూథరన్ ఇళ్లలో పుట్టినవాళ్లం. పుస్తకం చూసి నిలబడటం, కూర్చోవడం అలవాటు. ఇక్కడ డ్రమ్ములు, చప్పట్లు, కన్నీళ్లు. మొదటి ఆదివారం బయటికి వచ్చాక నా భార్య చెవుల్లో వేళ్లు పెట్టుకుని కాసేపు కారులో కూర్చుంది. అయినా మళ్లీ వెళ్లాం. కారణం పెద్దమ్మ.

ఆవిడ పాస్టర్ తల్లికి అక్క. అతను పెద్దమ్మా అని పిలిస్తే సంఘమంతా అలాగే పిలిచేది. చెరకు తోటల్లో పనికి విశాఖ వైపు నుంచి మద్రాసు వెళ్లి ఓడెక్కిన వాళ్ల మనవరాలు. తినమనడానికి, తిట్టడానికి, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడానికి సరిపడా తెలుగు ఆవిడ దగ్గర మిగిలింది. మిగతాదంతా ఇంగ్లీషే. ఆ ఇంగ్లీషును ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను. మొదటి రోజు నా పళ్లెం చూసి, "ఇండియా అల్లుడూ, ఏటలా కెలుకుతావు? అన్నవేనా, ఆపీసు కాయితాలా?" అంది. నా భార్య చాలా రోజుల తర్వాత నవ్వడం అప్పుడే చూశాను.

ఆ చర్చిలో సగం మంది హిందువుల బిడ్డలు. గుడారాల్లో జరిగే స్వస్థత కూటాలకు వెళ్లి మారినవాళ్లు. కొత్తగా ఎవరైనా బాప్తిస్మానికి సిద్ధమైతే ముందు వంటగదికి తీసుకొచ్చేవారు. మణికట్టుకు ఎర్రదారమో, మొలకు తాయెత్తో ఉంటే పెద్దమ్మే కత్తిరించేది. అదే కత్తెరతో ఆ పొద్దున ధనియా ఆకు కోసి ఉండేది. ఇక్కడివాళ్లు కొత్తిమీరను ధనియా అనే అంటారు. దారం తెగ్గానే అక్కడున్నవాళ్లు చప్పట్లు కొట్టేవారు. ముక్కల్ని ఒక బేకింగ్ పౌడర్ డబ్బాలో వేసి, డబ్బా నిండాక పెరట్లో ఎండుటాకులతో కలిపి కాల్చేవారు. కొందరు ఏడ్చేవారు. చేయి తేలికైందని కొందరు గాలిలో ఊపి చూపించేవారు. పెద్దమ్మ దారం కూడా అలాగే తెగిందట. తాగుబోతు భర్త ఒక కూటంలో తాగుడు మానేసిన ఏడాది, తనే చెయ్యి చాపి ఇచ్చిందట. ఆ తర్వాత ఆవిడ కన్నతల్లి చనిపోయేదాకా కూతురు చేతి నీళ్లు తాగలేదు. ఈ సంగతి ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పింది.

ఆ ఏళ్లలో చర్చికి వచ్చే కొత్తవాళ్లందరూ బాప్తిస్మానికి వచ్చేవాళ్లు కారు. బట్టల ఫ్యాక్టరీ మూతపడి పనిపోయినవాడు వచ్చేవాడు. భర్త కొడితే చంకలో బిడ్డతో వచ్చిన పిల్ల ఉండేది. రైల్వేలో పని పోయిన తెల్లాయన ఒకడు తాగి వచ్చి చివరి వరుసలో నిద్రపోయి, ఆరాధన ముగిశాక అందరికీ చేతులు కలిపి వెళ్లేవాడు. కొండల్లో ఇళ్లు కాలిపోయి నగరానికి దిగినవాళ్లు వచ్చేవారు. పాస్టర్ వారమంతా చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి ఆదివారం ప్రసంగం చేసే మనిషి. అతని కళ్ల కింద నలుపు ఎప్పుడూ తగ్గేది కాదు. ఎవరు వచ్చినా ముందు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. పెద్దమ్మ వరుస వేరు. ముందు తిండి, తర్వాత వేడినీళ్లు, ఆ తర్వాతే ప్రార్థన.

"ఖాళీ కడుపుతో ఆమెన్ అంటే గొంతులోనే ఉండిపోద్ది రా," అనేది పాస్టర్‌తో.

కార్లు దొంగలపాలవుతున్న రోజులు కాబట్టి ఆరాధన మొదలవగానే గేటుకు తాళం వేసేవారు. తాళంచెవి రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన దగ్గర ఉండేది. "ఆత్మల్ని ప్రభువు చూసుకుంటాడు, కార్లని నేను చూసుకుంటా," అనేవాడు. కొత్తవాడు కనిపిస్తే ముందు ఒద్దనేవాడు, పెద్దమ్మ కిటికీలోంచి కేకేస్తే తీసేవాడు.

"అక్కా, అందర్నీ రానిస్తే మనం ఎక్కడ కూర్చుంటాం?"

"నువ్వెలాగూ కూకోవు కదరా. నీ కుర్చీ వాడికియ్యి."

ఆ కోటు మనిషి వాన రోజుల్లో మొదటిసారి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, పొడుగు. బూడిదరంగు పాత కోటు. ఎడమ చెయ్యి ఎప్పుడూ గుండెకు ఆనించుకుని ఉండేవాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించే సమయం వచ్చేసరికి కోటు తలమీదికి లాక్కుని నేల మీద చతికిలబడ్డాడు. అలా మూడు నాలుగు ఆదివారాలు. ఒకసారి డ్రమ్ము మొదలవగానే అతను గట్టిగా అరిచాడు, ఎవరినో పారిపొమ్మన్నట్టు. పిల్లల్ని తల్లులు దగ్గరికి లాక్కున్నారు. దయ్యం అన్నారు కొందరు. పాస్టర్ నడవ వెంట వచ్చి అతని పక్కనే నేల మీద కూర్చుని, చాలాసేపు చెయ్యి తలమీద ఉంచి, నెమ్మదిగా ప్రార్థించాడు. ఆ రోజు ప్రసంగమే లేకపోయింది. ఎవరూ సణగలేదు. ఆ మాట చెప్పుకోవాలి.

తర్వాతి ఆదివారం డ్రమ్ములు లేవు. ఎవరు ఒద్దన్నారో తెలియదు, వాయించే అబ్బాయి వాటికి దుప్పటి కప్పేశాడు. ఆ రోజు మొదటిసారి అతను వంటగదిలోకి వచ్చాడు.

"కూకో నానా. స్కోఫ్ తిను," అంది పెద్దమ్మ. స్కోఫ్ అంటే తిండి. పొలాల్లో, గనుల్లో అన్ని భాషలూ కలిసి పుట్టిన మాటలు ఆవిడ నోట అలా వచ్చేవి. అన్నం, చిక్కుడుగింజల కూర పెట్టింది. అతను కుడిచేత్తో తిన్నాడు, ఎడమ చెయ్యి దించకుండా. ఆ తర్వాత రెండు వారాలకు ఆ చేతి నుంచి వాసన వచ్చింది.

నా భార్య ఆ చెయ్యి చూడటానికి అతను ఒప్పుకున్నది పెద్దమ్మ పక్కన కూర్చుంటేనే. కోటు చెయ్యి పైకి మడిచింది. మణికట్టుకు వెంట్రుకలతో ఉన్న మేకతోలు పట్టీ. తడిసి, ఎండి, మళ్లీ తడిసి చెక్కలా గట్టిపడింది. దాని అంచు చర్మంలోకి కోసుకుపోయి చుట్టూ వాచింది, చీము పట్టింది.

"ఇది రాచుకుంటున్నంతకాలం పుండు మానదు," అంది నా భార్య తెలుగులో. డాక్టరు రోజూ చెప్పే మాట. "రేపు ఆసుపత్రికి తీసుకురండి." పెద్దమ్మ ఆ మాట ఇంగ్లీషులో చెబితే అతను తల అడ్డంగా ఊపాడు. ఆసుపత్రి అంటే రాడు.

"షేమ్," అంది పెద్దమ్మ. ఇక్కడివాళ్లకు జాలి పుడితే నోటికొచ్చే మాట అది. "నేను సూసుకుంటాలే డాక్టరమ్మా."

ఆ పై ఆదివారమే ముందు చెప్పింది జరిగింది. పెరటి స్నానాలగదిలో పాస్టర్ స్వయంగా నీళ్లు పోసి ఒళ్లు రుద్దాడు. కోటు ఉతికారు. పళ్లెం పెట్టారు. చెయ్యి ఉప్పునీళ్లలో నానబెట్టారు. ఏళ్లుగా ఆ వంటగదికి చేతికి ఏదో కట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ అది తీయించుకోవడానికే వచ్చాడు. తీయమంటావా అని అడగాల్సిన అవసరం ఆవిడకు ఎప్పుడూ రాలేదు. ఈసారీ అడగలేదు.

తర్వాతి ఆదివారం కోటు ఆరి, మడతపెట్టి, తలుపు పక్కన కుర్చీలో ఉంది. అతను రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. గేటు పెద్దాయన ఆరాధన జరుగుతుండగానే తాళం తీసి రోడ్డు మీదికి వెళ్లి చూసి వచ్చేవాడు. కార్ల మాట ఎత్తలేదు.

"అది నా తమ్ముడు అన్నాడే, ఏటది? ఏం మాటది?" అని పెద్దమ్మ నా భార్యను వదల్లేదు. చివరికి నా భార్య తన వార్డులో పనిచేసే జూలూ సిస్టర్‌ను ఒక ఆదివారం మధ్యాహ్నం వంటగదికి తీసుకొచ్చింది. యాభై దాటిన మనిషి. తన చర్చి నుంచి నేరుగా వచ్చింది, అక్కడి ఆడవాళ్ల సంఘం ఎర్ర బ్లౌజు, తెల్ల టోపీ మార్చకుండానే. పెద్దమ్మ బేకింగ్ పౌడర్ డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టింది. పట్టీని కాల్చలేదు. డబ్బాలోని దారాలన్నీ తీసేసి, దీన్ని ఒక్కదాన్నే ఉంచింది.

సిస్టర్ లోపలికి చూసింది, ముట్టుకోలేదు.

"ఇంట్లో మేకను కోస్తారు," అంది. "చనిపోయినవాడు ఎక్కడెక్కడో తిరగకుండా ఇంటికి రావాలని. ఆ మేక తోలుతోనే పట్టీ. దగ్గరివాడి చేతికి కడతారు. తోలు దానంతటది అరిగి ఊడిపడాలి. అప్పటిదాకా చనిపోయినవాడు అతనితో ఉన్నట్టు."

"మరి ఇల్లు?"

"ఇల్లు కాలిపోయిందేమో. చాలామందికి కాలిపోయాయి. అప్పుడు అతని దగ్గర ఇది ఒక్కటే ఉంటుంది."

పెద్దమ్మ పీట మీద కూర్చుంది. "ఎవరైనా కోసేస్తే ఏం చేస్తారు?"

"ఎవరూ కొయ్యరు అమ్మా," అంది సిస్టర్.

సిస్టర్‌కు ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. పాస్టర్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "మీరు ప్రభువును నమ్మినవారు కదా సిస్టర్," అన్నాడు, మర్యాదగానే. "ఇవన్నీ..."

"నమ్మినదాన్నే. మా అమ్మ పోయినప్పుడు నాకూ కట్టారు. పొడుగు చేతుల బ్లౌజు వేసుకుని చర్చికి వెళ్లాను. మా పాస్టర్ కూడా ఆ ఏడాదంతా పొడుగు చేతుల చొక్కాలే వేసుకున్నాడు. ఒకరినొకరం ఏమీ అడగలేదు."

గేటు పెద్దాయన నవ్వాడు. మరెవరూ నవ్వలేదు.

"మళ్లీ కట్టొచ్చా?" అంది పెద్దమ్మ.

"ఇంటి పెద్ద ఉండాలి. ఇంకో మేక ఉండాలి. అది వాళ్లింటి పని. మన పని కాదు."

సిస్టర్ వెళ్లిపోయాక ఆ వంటగదిలో జరిగిన గొడవ నాకు బాగా గుర్తుంది. నేను గిన్నెలు తుడుస్తున్నాను కాబట్టి బయటికి వెళ్లే వీలు లేకపోయింది.

"నేను మేక కొంటాను," అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, అలసిపోయాను. పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లాలి."

"నిన్ను మొయ్యమన్లేదు."

"మేక కొంటే సంఘానికి ఏమని చెప్పను?"

"బిర్యానీకని చెప్పు. ఈస్టర్‌కి కొనలేదేటి?"

"ఈస్టర్ మేకను ఎవరి ఆత్మ కోసమూ కొయ్యలేదు."

"రెండు పళ్లాలు తిన్నావు. అప్పుడు నీ ఆత్మకి బాగానే ఉంది."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వే కదా ఇవన్నీ వదిలేసి వచ్చింది? మీ అమ్మ కూడా నీతో మాట మానేసింది. అంత పోగొట్టుకుని వచ్చి, ఇప్పుడు మళ్లీ మేకంటావేంటి?"

"నా దారం నేనిచ్చాను రా. చెయ్యి సాపి ఇచ్చాను," అంది పెద్దమ్మ. "వాడు ఇవ్వలేదు. వాడు అన్నం తింటున్నాడు."

పాస్టర్‌ది మొండితనం అని నాకు అనిపించలేదు. తాగుడు నుంచి, చేతబడి భయాల నుంచి బయటపడ్డ నలభై యాభై కుటుంబాలు అతని మాట మీద నిలబడి ఉన్నాయి. వాళ్లలో ఎవరి దారం గురించైనా రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలి? "నేను ఒద్దని చెప్పాలి," అన్నాడు చివరికి. "చెప్పాను." లేచి వెళ్లి బల్లలు సర్దుకున్నాడు.

ఆ కోటు మనిషి ఎక్కడివాడో తెలిసినవాడు గేటు పెద్దాయన ఒక్కడే. నలభై ఏళ్లు బస్సు నడిపిన మనిషి కాబట్టి ఎవరిని చూసినా ఏ స్టాపు అని అడిగేవాడు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాటి లోయలోకి దిగే రూటులో చివరి స్టాపు అని అతను చెప్పాడట. "ఆ రూటు నాకు తెలుసు. అక్కడ బస్సు తిప్పుకోవడానికి ఒక పెద్ద రాయి ఉండేది. దాని మీద కూర్చుని నా టీ తాగేవాణ్ణి."

ఒక శనివారం పొద్దున నా పాత కారులో బయల్దేరాం. ముందు సీట్లో పెద్దాయన. వెనక పెద్దమ్మ, పక్కన ప్లాస్టిక్ సంచిలో కోటు, ఒళ్లో డబ్బా. నా భార్యకు డ్యూటీ. కారు కదిలేముందు పాస్టర్ వచ్చాడు. కారు పైకప్పు మీద చెయ్యి పెట్టి, దారిలో క్షేమం కోసం ప్రార్థించాడు. మేక మాట ఎత్తలేదు. ఆమెన్ అన్నాక వెనక అద్దంలోంచి డబ్బా వైపు ఒకసారి చూసి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

కొండ ఎక్కే దగ్గర పొగమంచు. లారీల వెనక నెమ్మదిగా వెళ్లాం. పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాటాక తారురోడ్డు మట్టిరోడ్డు అయింది. దారి పక్కన తాళ్లకు కట్టిన మేకలు అమ్మకానికి కనిపించాయి.

"ఆపు అల్లుడూ, ఆ నల్లది బాగుంది," అంది పెద్దమ్మ.

"అక్కా, ముందు మనిషిని చూద్దాం. మేకని వెనక సీట్లో నీ పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడని తిరుగుతాం?"

"నీతో కూకోలేదేటి ఇప్పటిదాకా? అదెంత?"

పెద్దాయన మళ్లీ ఆ దారిలో మాట్లాడింది లోయలోకి దిగాకే. రాయి అక్కడే ఉంది. దాని మీద ఎవరో పార్టీ పేరు రంగుతో రాసి, ఇంకెవరో కొట్టేసి ఉన్నారు. వాలు మీద గుండ్రటి మట్టిగోడలు, పైకప్పులు లేవు. కొన్నిటి లోపల కలుపు మనిషెత్తు పెరిగింది. ఒకటి రెండు చోట్ల కొత్త రేకులు మెరుస్తున్నాయి. "ఇక్కడ దుకాణం ఉండేది," అన్నాడు పెద్దాయన. "ఇక్కడ బడి."

నీళ్లు మోసుకెళ్తున్న ఆడవాళ్లు కింద ఉన్న మిషన్ హాలు చూపించారు. ఇళ్లు పోయినవాళ్లు అందులో ఉంటున్నారు. వరండాలో దుప్పట్లు, కిరసనాయిలు పొయ్యిలు. హాలు బాధ్యత చూసే ముసలాయన మాకు బెంచీ వేశాడు. చక్కటి ఇంగ్లీషు. ఎవరి కోసం వచ్చారని అడిగాడు.

పెద్దమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పొడుగు మనిషి. తమ్ముడు పోయాడు. చెయ్యి ఇలా గుండెకు ఆనించుకుంటాడు. డ్రమ్ము వింటే భయం. చిక్కుడుగింజల కూర ఇష్టం.

ముసలాయన ఓపిగ్గా విన్నాడు. "తమ్ముళ్లు పోయినవాళ్లు చాలామంది అమ్మా. పేరేమిటి?"

పెద్దమ్మ పెద్దాయన వైపు చూసింది. పెద్దాయన నా వైపు చూశాడు.

"పేపరోడివి," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వైనా అడగలేదా?"

ఆకలి అడిగారు, పుండు అడిగారు, స్టాపు అడిగారు, ప్రభువును ఎరుగుదువా అని అడిగారు. చర్చిలో అతన్ని అందరూ బ్రదర్ అనేవారు. పెద్దమ్మ నానా అనేది.

"ఇంటిపేరైనా?" అన్నాడు ముసలాయన.

పెద్దమ్మ డబ్బా మూత తీసింది. ఆయన వంగి చూసి, వెంటనే నిటారుగా నిలబడి టోపీ తీశాడు. ఒక ఆడమనిషి పొయ్యి మీద గిన్నె దించి లోపలికి వెళ్లిపోయింది.

"నేను కోశాను," అంది పెద్దమ్మ. "తెలీక కోశాను. మేక నేను కొంటాను. మీలో పెద్దవాళ్లెవరైనా మళ్లీ పట్టీ చేసివ్వండి, వాడు వచ్చినప్పుడు ఇస్తాను."

ఆయన డబ్బా మూత తనే పెట్టి, రెండు చేతులతో ఆవిడకు తిరిగి ఇచ్చాడు.

"మేక దొరుకుతుందమ్మా. దాని ముందు నిలబడి చనిపోయినవాణ్ణి పిలవాలి. వాళ్ల ఇంటిపేరుతో, వాళ్ల తాతల పేర్లతో పిలవాలి. నేను ఏ పేరుతో పిలవాలి?"

హాల్లో ఉన్నవాళ్లను ఆయన ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. కోటు చూపించాం. అలాంటి కోట్లు మిషన్ వాళ్లు చాలా పంచారట. జేబుల్లో ఏమీ లేదు. ఎవరో ఒకావిడ, ఆ వాలు మీది కుర్రాడొకడు నగరంలో పనివాళ్ల హాస్టల్లో చచ్చిపోయాడని, అన్న వెళ్లి తీసుకొచ్చాడని చెప్పింది. ఇంకొకావిడ, అది ఆ వాలు కాదు, ఏటికి అవతల అంది. వాళ్లిద్దరూ జూలూలో కాసేపు వాదించుకున్నారు. ఏటికి అవతలికి వెళ్లకండి, ఈ వారం మంచిది కాదు అన్నాడు ముసలాయన.

కోటు ఇక్కడ ఉంచితే ఎవరైనా కప్పుకుంటారు అన్నాను నేను. పెద్దమ్మ సంచిని దగ్గరికి లాక్కుంది. "వాడు వస్తే చలికి ఏం చేస్తాడు?"

తిరుగు దారిలో మేకలు అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆవిడ అటు చూడలేదు. కొండ దిగుతుంటే నిద్రపోయిందనుకున్నాను. అద్దంలో చూస్తే కళ్లు తెరిచే ఉంది.

ఆ తర్వాత పెద్దమ్మ దారాలు కత్తిరించడం మానేసింది. ఎందుకని పాస్టర్ అడగలేదు. కొన్నాళ్లు ఆ పని అతనే చేశాడు. ఇష్టమేనా అని ముందు మూడుసార్లు అడిగేవాడు. అలా అడిగితే ఒకమ్మాయి ఆలోచించుకుని చెప్తానని వెళ్లి మళ్లీ రాలేదు. దానికి సంఘంలో కొంత గొణుగుడు. డ్రమ్ముల మీది దుప్పటి ఆ చలికాలం దాటాక తీశారు. గేటు పెద్దాయన వచ్చిన ప్రతి కొత్తవాణ్ణీ పేరడగడం మొదలుపెట్టాడు. చాలామంది దొంగపేర్లే చెప్పేవారని ఆయన నమ్మకం. అయినా అడిగేవాడు.

కోటును తలుపు పక్కన, అతను ఆనుకుని నిలబడే చోట, కొక్కేనికి తగిలించారు. ఒక జూలై ఆదివారం, ఇక్కడి చలికాలంలో, బనియనుతో వణుకుతూ ఒకడు వచ్చాడు. పాస్టర్ కొక్కెం మీదికి చెయ్యి చాపాడు. పెద్దమ్మ తన ఊలు శాలువా తీసి ఆ మనిషికి కప్పింది. ఆ రోజంతా వంటగదిలో చీర చెంగు భుజాల చుట్టూ లాక్కుని తిరిగింది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. పోయే ముందు డబ్బా నా భార్య చేతికి ఇచ్చింది. కాల్చొద్దు, పాతిపెట్టొద్దు అని మాత్రం చెప్పింది, ఏం చెయ్యాలో చెప్పలేదు. సిస్టర్‌ను అడిగితే, అది ఎవరిదో వాళ్లే చెప్పాలి అంది. పాస్టర్ రెండుసార్లు మా ఇంటికి వచ్చినప్పుడు దాని సంగతి కదిపి, మళ్లీ తనే వేరే మాటలోకి వెళ్లిపోయాడు.

మేం డర్బన్‌లోనే అవోకా వైపు ఇల్లు మారినప్పుడు డబ్బా మాతో వచ్చింది. మందుల బీరువాలో పై అరలో ఉంది. వెంట్రుకలు రాలిపోయాయి, తోలు మాత్రం అలాగే ఉంది. కోటు ఖర్వాస్తాన్ చర్చిలో కొక్కేనికే ఉంది. ఆ మనిషి రాలేదు. అతని పేరు మాకు ఇప్పటికీ తెలియదు.